ఆఖరి ఏనుగు తోక పట్టుకున్న కోతి

నా చిన్నప్పుడు, ఐదో తరగతి చదివే రోజుల్లో, చండ్రుగొండ సెంటర్‌లో మా మేనమామకు డీవీడీలు కిరాయికిచ్చే షాపు ఉండేది. బడి వదలగానే పుస్తకాల సంచీతో సహా అక్కడే వాలేదాన్ని. గిరాకీ లేని వేళ మామ నాకోసం బొమ్మల సినిమా పెట్టేవాడు. అందువల్ల మా క్లాసులో నాకో హోదా ఉండేది. ఏ సినిమాలో ఏం జరిగిందో తేల్చాల్సింది నేనే. నేను అవునంటే అవును, కాదంటే కాదు.

ఆ ఏడాది మా అందరికీ పిచ్చి పట్టించిన సినిమా ఒకటుంది. కరువొచ్చిన అడవిలోంచి ఏనుగుల గుంపు నీళ్ళు వెతుక్కుంటూ పోయే కథ. మాటలన్నీ ఇంగ్లీషులో ఉండేవి, మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా బొమ్మలను చూస్తూనే నవ్వేవాళ్ళం, ఏడ్చేవాళ్ళం. నేనైతే ఆరుసార్లు చూశాను.

నా పక్కన కూర్చునే స్నేహితురాలు అడవి దగ్గరున్న తండా నుంచి నడిచి వచ్చేది. మాటలు తక్కువ. కానీ ఎవరి నడకనైనా ఒకసారి చూసిందంటే అచ్చం అలాగే నడిచి చూపించేది. హైదరాబాదులో ఉద్యోగం చేసే వాళ్ళ బాబాయి సెలవు మీద వస్తూ డీవీడీ ప్లేయరుతో పాటు అదే సినిమా తెచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె లేచి, గుంపు నది దాటే చోట ఆఖరి ఏనుగు తోక పట్టుకుని ఒక కోతిపిల్ల ఎలా వేలాడిందో, ఎలా జారి నీళ్ళలో పడిందో, ఎలా ఎగిరి మళ్ళీ తోకను దొరకబుచ్చుకుందో చేసి చూపించింది. పిల్లలు పడీపడీ నవ్వారు. అందరూ ఆమె చుట్టూ చేరారు.

నాకది నచ్చలేదు. ఇప్పుడు ఒప్పుకోవడానికేం, అది అసూయే.

"ఆ సినిమాల కోతే లేదు," అన్నాను.

"ఉన్నది. నేను జూసిన."

"నేను ఆరుసార్లు జూసిన. లేదంటే లేదు. అబద్ధం చెప్తున్నవ్."

అప్పటిదాకా నవ్విన పిల్లలు నా వైపు తిరిగిపోయారు. ఎవరో 'కోతి కథ' అన్నారు. సాయంత్రానికి అదే ఆమె పేరైపోయింది.  ఆ పిల్ల పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్ళి కూర్చుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గెలిచానన్న సంతోషం నాకూ నిలవలేదు. పాఠం జరుగుతున్నంతసేపూ పక్కనున్న ఖాళీ వైపే నా కళ్ళు పోయేవి.

మూడో రోజు సాయంత్రం నేను షాపులో ఉండగా ఆమె ఒక్కతే వచ్చింది. సంచీలోంచి డీవీడీ తీసి, నా మొహం చూడకుండా, మామ ముందు పెట్టింది.

"అంకుల్, ఇందుల కోతి ఉన్నదో లేదో మీరే జూడుండ్రి. లేకుంటే నేను రేపటిసంది బడికి రాను."

 మామ ఆ డీవీడీ డబ్బాను వెనక్కి తిప్పి, అడుగున ఉన్న సన్నటి అక్షరాలు చదివి, మీసాల్లోనే నవ్వుకున్నాడు.  లోపలి నుంచి రెండో టీవీని మోసుకొచ్చి కౌంటర్ మీదున్న దాని పక్కనే పెట్టాడు. ఒకదాంట్లో నేను చూసిన డీవీడీ, ఇంకోదాంట్లో ఆమె తెచ్చినది వేశాడు. రెండింటినీ నది దాకా పరిగెత్తించి, ఒకే చోట ఆపాడు.

నా టీవీ నిండా ఏనుగులే. ఆమె టీవీలో పైనా కిందా నల్లటి పట్టీలు, మధ్యలో చిన్న చిన్న ఏనుగులు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మామా, అది ఖరాబు డీవీడీ. సగం టీవీ నల్లగనే ఉంది."

"మంచిగ జూడు బిడ్డా. ఏనుగులను లెక్కవెట్టు."

నా టీవీలో నాలుగు. ఆమె టీవీలో ఆరు. ఆ ఆరోదాని తోకకు, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక కోతిపిల్ల వేలాడుతోంది.

మామ అప్పుడు విడమరిచి చెప్పాడు. "సినిమా బొమ్మ అడ్డంగ పొడుగ్గ ఉంటది. మన టీవీ చదరంగ, డబ్బా లెక్క ఉంటది. మొత్తం చూపెట్టాల్నంటే బొమ్మను చిన్నగ చెయ్యాలె, అప్పుడు పైనా కిందా ఖాళీ మిగుల్తది. దాన్ని వైడ్ స్క్రీన్ అంటరు. టీవీ నిండాల్నంటే పక్కలు కోసెయ్యాలె. అది ఫుల్ స్క్రీన్. నల్లపట్టీలు జూసి గిరాకీ వాపసు తెస్తున్నరని నేను పక్కలు కోసినవే తెప్పిస్తున్న. మీరిద్దరు అబద్ధం జెప్పలే. తప్పుంటే నాది గూడ ఉంది."

నాకు తలెత్తడానికి మొహం చెల్లలేదు. నా స్నేహితురాలు మాత్రం ఇప్పుడు నా టీవీ మీదికి వంగి, ఏనుగు వెనక కోసుకుపోయిన చోటును వేలితో తడుముతోంది. నన్ను వెక్కిరిస్తుందనుకున్నాను. "అయ్యో, ఆరుసార్లు జూసినా నీకు కోతి రాలేదా?" అంది, నిజంగానే జాలిపడుతూ. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఇప్పుడేం జేస్తవ్?" అని మామ నన్నడిగాడు. క్లాసులో అందరికీ చెప్తానన్నాను. "చెప్పు. చూపెట్టుడు నా జిమ్మ, ఆ పని నేను జూసుకుంట," అన్నాడు.

హెడ్మాస్టరు గారిని అడిగి, శనివారం మధ్యాహ్నం ఆటోలో టీవీ తెచ్చాడు మామ. సినిమా మొదలయ్యే ముందు నేను లేచి నిలబడ్డాను.  "కోతి ఉన్నది. నేనే చూడలే. చూడకుంటనే అబద్ధమన్న," అని ఆమె వైపు తిరిగి చెప్పాను. ఆమె తల దించుకుని నవ్వింది.

నల్లపట్టీలు చూసి మొదట్లో పిల్లలు గొణిగారు. కాసేపటికి మరిచిపోయారు. ఏనుగులు నదిలో దిగాయి. మొదటిది, రెండోది, మూడోది... సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గదంతా ఉసూరుమంది. ఎవరూ పిలవకుండానే నా స్నేహితురాలు లేచి టీవీ ముందుకు వచ్చింది. తోక కోసం అటూ ఇటూ చూసింది. నాకేం తోచిందో, నేనూ లేచి వెళ్ళి, నడుం వంచి, ఒక చేతిని తొండంలా ఊపుతూ ఏనుగునయ్యాను. ఆమె నా జడ పట్టుకుంది. వేలాడింది, జారింది, దబ్బున పడింది, ఎగిరి మళ్ళీ పట్టుకుంది. జడ పీకినప్పుడల్లా నేను ఘీంకరించాను. అది నటన కాదు, నొప్పి. పిల్లలు బెంచీలు చరిచారు. హెడ్మాస్టరు గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఈలోగా కరెంటు వచ్చి, మామ సినిమాను మళ్ళీ నది దాకా పరిగెత్తించి, అసలు కోతి తెర మీద కనబడేసరికి, బడి పెంకులు ఎగిరిపోయేలా అరిచారు. ఆ ఒక్క చోటే మూడుసార్లు వేయించుకున్నారు. సోమవారం ఆమె మళ్ళీ నా పక్కన కూర్చుంది.

'లేదు' అన్న మాటా, 'నేను చూడలేదు' అన్న మాటా ఒకటేననుకునేదాన్ని. అవి వేర్వేరని ఆ వారంలో తెలిసింది.

ఇప్పుడు నేను జూలూరుపాడు దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. మొన్న వానాకాలంలో ఒకటో తరగతి పాప పరిగెత్తుకొచ్చి, గోడ మీద నత్త అక్షరం రాసిందని చెప్పింది. క్లాసంతా గొల్లుమంది. "నేను చూడలేదమ్మా, చూపెట్టు," అని ఆమె వెంట బయటికి నడిచాను. తడిగోడ మీద నత్త పాకిన మెరుపు గీత తప్ప నాకేమీ కనబడలేదు. పాప నా కొంగు పట్టి కిందికి లాగి, తన ఎత్తుకు కూర్చోమంది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెలుతురు పక్కనుంచి పడి గీత తేటపడింది.

ఉంది. తలకట్టుతో సహా, గుండ్రంగా, 'ర'.