తెల్ల కారుకు ఎర్ర తలుపు

నాగర్‌కర్నూల్ బస్టాండు పక్కన కార్ల అడ్డాలో రెబెకా గెలిచిన కొట్లాటను తిరుపతమ్మ దగ్గరుండి చూసింది. దగ్గరేమిటి, ఆ కారు వెనక సీట్లోనే ఒక కంటికి పట్టీ కట్టుకుని కూర్చుని ఉంది. మూడేళ్ల కిందటి సంగతి. కంటి ఆపరేషన్ చేయించుకుని ఊరికి పోదామని బండెక్కితే, బాలకృష్ణ అనే డ్రైవరు తన కారు తెచ్చి ముందర అడ్డం పెట్టాడు. అడ్డాకు తానే పెద్దనని అతగాడి నమ్మకం. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో దేవుడికే తెలియాలి.

"ఆడోళ్లకు ఈడ బండ్ల వరసల నంబర్ లేదమ్మా. పో, మీ ఊర్లనే తిప్పుకో," అన్నాడు కిటికీలోకి వంగి.

తిరుపతమ్మ నాలుక మీద అప్పటికే నాలుగు తిట్లు వరసగా నిలబడి ఉన్నాయి. నోరున్న మనిషని ఊళ్లో ఆమెకు పేరు. ఆ పేరంటే ఆమెకు మెళ్లో గుండ్ల పేరు కన్నా ఎక్కువ.

"పెద్దమ్మా, నువ్ జర ఊకో," అని రెబెకా ఇంజను ఆపింది. దిగి, చున్నీ నడుముకు బిగించుకుంది.

"సరే అన్నా. నంబర్ల ఉండాలంటే ఏమేం కావాలె?"

"ఏం కావాల్నా? కాగితాలు కావాలె. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు. ఊకె స్టీరింగ్ పట్టుకుంటే డ్రైవర్ అయితరా?"

రెబెకా బండిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. కాగితాలన్నీ బాలకృష్ణ కారు బానెట్ మీదే ఒక్కొక్కటిగా పరిచి, తారీఖుల మీద వేలు పెట్టి చూపించింది.

"ఇగ నీవి తియ్యన్నా. పక్కపక్కన పెట్టి సూద్దాం."

బాలకృష్ణ చెయ్యి చొక్కా జేబులోకి పోయి అక్కడే ఉండిపోయింది. అతని ఇన్సూరెన్సు అయిపోయి ఐదు నెలలైందని అడ్డాలో అందరికీ తెలుసు, పోలీసులకు తప్ప. మిగిలిన డ్రైవర్లు ముసిముసిగా మొదలుపెట్టి పకపకా నవ్వారు. అతను బండి వెనక్కి తీసుకున్నాడు. రెబెకా కాగితాలు మడిచి కవర్లో పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది.

ఊరొచ్చేదాకా తిరుపతమ్మ నోరు దురద పెడుతూనే ఉంది. "ఇంకో నాలుగు మాటలు అనకపోయినవే!"

"ఎందుకు పెద్దమ్మా? బండి తీసిండు గద."

రెబెకా అంటే అదీ. తెలకపల్లి దగ్గరి ఊరు. పెళ్లయిన కొత్తలో మొగుడు పాల్‌తో పుణె పోయి బిల్డింగుల పనిలో ఇసుక మోసింది. అక్కడ మేస్త్రీ కారు రోజూ కడుగుతూ కడుగుతూ, వెనక్కి తీయడం, ముందుకు తీయడం నేర్చుకుంది. పాల్ ఇప్పటికీ అక్కడే సెంట్రింగ్ పని చేస్తాడు, క్రిస్మస్‌కు వస్తాడు. ఆమె తిరిగొచ్చి పాత తెల్ల కారొకటి కొని, పసుపు నంబరు ప్లేటు వేయించుకుంది. తిరుపతమ్మ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ.

బండికి నికరమైన కిరాయి ఒకటుంది. పక్క వీధి ఫకీర్ టైలరుకు కిడ్నీలు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోవాలి. నాలుగు గంటలు డయాలసిస్ మిషను మీద పడుకుని బయటికొచ్చాక ఆయనకు తల నిలవదు. వెనక సీట్లో ఎడమ పక్క కూర్చుని, తలుపుకు ఒరిగి, ఊరొచ్చేదాకా కళ్లు తెరవడు. రెబెకా గుంతలన్నీ తప్పించుకుంటూ, నెత్తి మీద నిండు కుండ ఉన్నట్టు నడుపుతుంది.

ఆ బండికే పోయిన సోమవారం దెబ్బ తగిలింది. ఎలా తగిలిందో ఊళ్లో అందరికన్నా బాగా తిరుపతమ్మకు తెలుసు.

వరికోతలైన రోజులు. అందరిలాగే ఆమె కూడా సగం తారురోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టింది. అందరూ గుప్పెడు రాళ్లు పెడతారు. పోయినేడు ఒక లారీ తన వడ్ల మీది నుంచి పోయిందని కోపం కాబట్టి, తిరుపతమ్మ ఈసారి ఇద్దరు దొర్లిస్తే తప్ప కదలని రాతి గుండు తెచ్చి మూలన పెట్టించింది. "ఇప్పుడెక్కుమను లంజకొడుకును!" అని ఊరంతా వినేట్టు అంది కూడా.

పొద్దు గూకే వేళ, ఫకీర్‌ను ఇంట్లో దింపి, పెట్రోలు పోయించుకుని రెబెకా ఒక్కతే ఖాళీ బండితో వస్తోంది. ఎదురుగా పత్తి లారీ వచ్చింది. ఆమె పక్కకు జరిగింది. ముందు చక్రం గుండుకు తగిలి బండి ఎగిరింది. మోరీ గోడకు ఎడమ పక్కంతా రాసుకుంటూ పోయి ఆగింది. కొత్త రేకును చింపినట్టు చప్పుడు.

రెబెకా నిలువుగా దిగడం చూశాక తిరుపతమ్మకు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే ఆమె చేసిన పని ఇంకొకటి ఉంది. జనమంతా కారు చుట్టూ మూగుతుంటే, దెబ్బకు సగం పక్కకు దొర్లిన గుండును కాలితో, చేత్తో, ఆఖరికి వీపుతో తోసి తుమ్మపొదల్లోకి పంపింది. ఆ తర్వాత వచ్చి లారీవాణ్ని అందరికన్నా గట్టిగా తిట్టింది.

"ఇన్సూరెన్సు ఉంటది గద, రెబెకా దగ్గర అన్ని కాగితాలు సక్కగుంటయ్," అన్నారు ఎవరో.

రెబెకా ముందు చక్రం దగ్గర వంగి చూసుకుంది. ఇంటికొచ్చాక గోడ మీదుగా తిరుపతమ్మకు మాత్రం చెప్పింది.

"పోయిన నెల అయిపోయింది పెద్దమ్మా. టైర్లు గుండు లెక్క నున్నగైనయ్. ఫకీర్ తాతను కూసోబెట్టుకొని ఆ టైర్ల మీద ఎట్ల పోవాలె? ముందుగాల టైర్లేసిన. కాగితం ఈ నెల కడుదమనుకున్న. బాలకృష్ణన్న బానెట్ మీద పరిచిన అసొంటి కాగితమే నా దగ్గర లేదిప్పుడు, సూడు."

గుండు అన్న మాటకు తిరుపతమ్మ గోడ మీంచి చేతులు తీసేసింది. అడుగుతుందేమో, ఇప్పుడే అడుగుతుందేమో అని ఎదురుచూసింది. రెబెకా అడగలేదు. అడగకపోవడం మరీ పరేషాన్ చేసింది. తిట్టేవాళ్లతో ఎలా వేగాలో ఆమెకు తెలుసు. తిట్టనివాళ్లతో ఏం చేయాలో అరవై ఎనిమిదేళ్లలో ఎవరూ నేర్పలేదు.

మంగళవారం రెబెకా బండిని మెల్లగా నాగర్‌కర్నూల్‌కు ఈడ్చుకుపోయి మూడు చోట్ల చూపించింది. ముందు రేకు టైరుకు తగిలి గీరుకుంటోంది. వెనక తలుపు లోపలికి పోయి మూతపడటం లేదు, తాడుతో కట్టింది. కంపెనీ షోరూంలో మొదటి మాటే "ఇన్సూరెన్సా, క్యాషా?" అని అడిగారట. క్యాష్ అనేసరికి కూర్చోమన్న కుర్చీ కూడా వెనక్కి పోయిందట. వాళ్లు రాసిచ్చిన లెక్క ఆ బండి కొన్న ధరలో సగముంది. రెండో షాపువాడు అంతా విప్పి రంగేయాలి, పదిహేను రోజులన్నాడు.

మూడోది తౌఫీక్ డెంటింగ్ షాపు. అతను వంగి, వేలి కణుపులతో రేకును తట్టి విన్నాడు, డాక్టరు వీపు మీద తట్టినట్టు.

"అక్కా, నీకు బండి అందంగుండాల్నా, నడవాల్నా?"

"నడవాలె తౌఫీక్ భాయ్. తలుపు గట్టిగ పడాలె. మనిషి దానికే ఒరుగుతడు."

"అయితే రంగొద్దు, లప్పమొద్దు. ముందల రేకు గుంజి టైరుకు తగలకుండ జేస్త. తలుపు మాత్రం పనికిరాదు. వనపర్తిల తుక్కు దుకాణాలున్నయ్, ఇసొంటి కారుది పాతది దొరికితే తీస్కరా, బిగిస్త. నా కూలి ఇయ్యి, చాలు. గని శుక్రారం నాకు బంద్, యాదుంచుకో."

శుక్రవారం పొద్దున ఆరింటికి ఫకీర్‌ను ఎక్కించుకోవాలి. అంటే గురువారం సాయంత్రానికి బండి చేతికి రావాలి. రెబెకా అక్కడే బండి వదిలేసి, బుధవారం తెల్లారగానే వనపర్తి బస్సెక్కింది.

బుధవారం మధ్యాహ్నం ఫకీర్ భార్య మున్నీబీ రెబెకా కోసం వచ్చి, తాళం చూసి, తిరుపతమ్మ అరుగు మీద కూలబడింది.

"ఆటోల తీస్కపోయినక్కా ఇయ్యాల. పోయేటప్పుడు మంచిగనే ఉండె. వచ్చేటప్పుడు ఎగిరెగిరి పడ్డది. మనిషి నా మీద వాలిపోయిండు. సూది తీసిన కాడ మళ్లా నెత్తురొచ్చింది. నా కొంగంతా తడిసింది, సూడు."

తిరుపతమ్మ చూసింది. చూడకుండా ఉంటే బాగుండుననుకుంది.

"రెబెకాను నేనేం అంటలే. అది నా బిడ్డ అసొంటిది. గని మా కొడుకు ఇలియాస్ జడ్చర్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. శుక్రారం ఈ బండి రాకుంటే తిమ్మాజిపేట కారు మాట్లాడుత, ఇగ ఎప్పటికీ అదే అంటుండు. ఆ డ్రైవర్ ఎట్ల నడుపుతడో ఏమో. మా ముసలాయనకేమో రెబెకా బండైతేనే నిద్ర పడ్తది."

"అస్తది, అస్తది. బండి ఎందుకు రాదు?" అంది తిరుపతమ్మ. మున్నీబీ పోయాక చాటలో వడ్లు చెరగబోయి, పొట్టు ఒక పక్కకూ గింజలు ఇంకో పక్కకూ పోవాల్సింది రెండూ కింద పోసుకుంది. ఆ గుండు గురించి చెప్పేద్దామా అనుకుంది. చెబితే ఊళ్లో తలెత్తుకు తిరగడమెట్లా? చెప్పకపోతే ఆ ముసలాయన నెత్తురు ఎవరి కొంగుకు అంటినట్టు?

సాయంత్రం రెబెకా వచ్చింది. మొహం పీక్కుపోయి, రెండు అరచేతులూ గీరుకుపోయి ఉన్నాయి.

"తలుపు దొరికిందానే?"

"దొరికింది. ఎర్రది."

"తెల్ల కారుకు ఎర్ర తలుపేందే, సున్నం గోడకు పేడ ముద్ద కొట్టినట్టు!"

"ఫకీర్ తాతకు ఫోన్ చేసి గదే అడిగిన. ఎన్ని అంగీలకు అతుకులేసిన్నో బిడ్డా, ఎవ్వడు సిగ్గుపడి ఇంట్ల కూసోలే అన్నడు." రెబెకా అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పింది. "బస్సుల ఇంకో తమాషా. ఆడోళ్లకు ఫ్రీ గద, నాకు సున్నా టికెట్ గొట్టిండు కండక్టరు. తలుపు ఆడదా మగదా అని సూసి, దానికి మాత్రం లగేజీ టికెట్ గొట్టిండు."

తిరుపతమ్మ నవ్వబోయింది. రెబెకా నవ్వడం లేదని చూసి ఆగింది.

"షాపు కాడికి మోస్కపోయిన పెద్దమ్మా. నా బండి నిన్న ఎట్లుందో గట్లనే ఉంది. మీద దుమ్ము గూడ నిన్నటిదే. ఇన్సూరెన్సు కారొకటి వచ్చిందంట, రేపు దాన్ని సూడనీకి కంపెనీ మనిషొస్తడంట, గప్పటికి ఇప్పి పెట్టాల్నంట. తౌఫీక్ భాయ్ చేతులన్ని దాని మీదనే. నేను నిలబడ్డంతసేపు నా రేకు గుంజిండు. జర నీళ్లు తాగి వచ్చేసరికి మళ్ల దాని కింద దూరిండు. మనిషి మంచోడే. ఎదురుంగ ఎవరన్న ఉంటేనే పని నడుస్తది. కండ్ల ముందల లేకుంటే మన బండి మూలకే."

"నేనొస్త పద! ఆ తౌఫీకుగాణ్ని, వాని ఇన్సూరెన్సు కారును, ఇద్దరిని కలిపి దులుపుత..."

"వద్దు. తిడితే ఇంకా మూలకు బెడతడు." రెబెకా ఆమె వైపు తిరిగింది. "పెద్దమ్మా, సోమారం నువ్ గుండును పొదల్లకు నూకుతుంటే సూసిన."

తిరుపతమ్మ చాట ఒళ్లోకి లాక్కుని గింజలు ఏరసాగింది.

"మరి అప్పుడే తిట్టకపోయినవ్?" అంది తల ఎత్తకుండా.

"తిడితే తలుపు అతుక్కుంటదా? తీసేసినవ్, మంచిదైంది. ఇంకొకలకు తగలదు. ఇప్పుడు నాకొక పని జెయ్యాలె నువ్వు."

వడ్లు అడుగుతుందనుకుంది తిరుపతమ్మ. రెండు బస్తాలా, మూడా అని మనసులోనే ఒప్పేసుకుంది. మూడైనా సరే.

"రేపు నేను పత్తి చేనుకు పోవాలె. పొద్దుగూకేవరకు ఏరితే తౌఫీక్ భాయ్ కూలి వెళ్తది, ఆ పైసలు తీస్కొని మాపటికి నేనే షాపుకు వచ్చి బండి తెస్త. నీ వడ్లు పోయేటప్పుడు నేనే పరిచి పోత, వచ్చినంక కుప్ప జేస్త. రోడ్డు మీద కాదు, మా చర్చి ముందల బండల మీద. నువ్ మొదటి బస్సుకు నాగర్‌కర్నూల్ పో. బస్టాండ్ల తౌఫీక్ షాపని అడుగు, ఎవరన్న జెప్తరు. ఒక స్టూలేయించుకొని నా బండికి ఎదురుంగ కూసో. ఆయన వేరే కారు కాడికి పోతే లేచి పోయి ఆయన పక్కన నిలబడు, గంతే. మళ్ల నా బండి కాడికి వస్తే నువ్ గూడ వచ్చి కూసో. ఎర్ర తలుపు బిగిచ్చినంక రెండు చేతుల్తోని ఒరిగి సూడు, ఫకీర్ తాత లెక్క, నీ బరువంతా ఏసి. గప్పటిదాక, ఆయన ఎంత ఆలస్యం జేసినా, ఎవడెంత నవ్వినా, సాయంత్రం దాక నోరు మాత్రం తెరవకు పెద్దమ్మా."