పచ్చ తలుపు ముందు మురళి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి వచ్చింది.

మురళి, నేను అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తొమ్మిదేళ్ళు రూమ్మేట్లం. ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి వాడు లుంగీ, నీలం హవాయి చెప్పులతో లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. మ్యాప్‌లో ఉండే వీధి ఫొటోలు పట్టుకుని జర్మనీలో, నది ఒడ్డునున్న ఒక పాత ఊళ్ళో తిరిగేవాడు. వంతెన, గడియారం గోపురం, చివరికి పచ్చ తలుపున్న కాఫీ కొట్టు. అక్కడ ప్రతిసారీ విసుక్కునేవాడు. మౌస్ ఎంత నొక్కినా ఆ ఫొటోలు లోపలికి తీసుకెళ్ళవు.

రెండేళ్ళ కిందట నిజంగానే ఆ ఊరికి టికెట్ బుక్ చేశాడు. వాడి వీసా స్టాంప్ గడువు అయిపోయింది. అమెరికా దాటితే కొత్త స్టాంప్ లేకుండా తిరిగి రాలేడు.

"పిచ్చి వేషాలు వేయకురా. స్టాంపింగ్‌లో ఇరుక్కుంటే జాబ్ పోతుంది. గ్రీన్ కార్డ్ రానీ, అప్పుడు తిరుగుదువుగాని" అన్నాను.

వాడు కాన్సిల్ చేశాడు. నా కార్డ్ అప్పటికే వచ్చేసింది, సలహా ఇవ్వడానికి నాదేం పోయింది? పెళ్ళి కూడా కార్డ్ వచ్చాకే అనుకున్నాడు పిచ్చివాడు. పోయిన చలికాలం గుండె ఆగి పోయాడు. నలభై రెండేళ్ళు.

ఈ వేసవిలో నేనే జర్మనీ వెళ్ళి, ఒక ఆదివారం ఆ ఊళ్ళో వాడు తిరిగిన దారినే మెల్లగా నడిచాను. నది పక్కన బెంచీ మీద గంటసేపు కూర్చున్నాను. ఊరు అంత అందంగా ఉన్నందుకు కూడా కోపం వచ్చింది. మూడు దాటాక కాఫీ కొట్టుకి వెళ్ళాను.

కొట్టు నడిపే పెద్దావిడ నాది ఏ దేశమని అడిగింది. ఇండియా అన్నాను. మీ దేశపు మనిషే ఒకాయన ఆదివారాలు మూడింటికి వచ్చి, తలుపు ముందు నిలబడి చూసి వెళ్ళిపోయేవాడంది. మంచు పడుతున్నా కాళ్ళకి నీలం రబ్బరు చెప్పులేనట. చలికాలం నుంచి రావడం లేదట.

ఇర్వింగ్‌లో ఉదయం ఎనిమిదంటే అక్కడ మధ్యాహ్నం మూడు.

ఫోన్‌లో మేం స్నేహితులం ఆరుగురం దిగిన ఫొటో చూపించాను. ఆవిడ నేరుగా మురళి మీద వేలు పెట్టింది. వాడు వచ్చిన పదమూడేళ్ళలో ఒక్కసారీ అమెరికా దాటలేదు. వాడి సామాను సర్దింది నేనే, పాస్‌పోర్ట్ ప్రతి పేజీ చూశాను. ఇదెలా జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

"తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది కదా. ఆయన్ని రావద్దని ఎవరైనా అన్నారా?" అని అడిగింది.

నేనే అన్నానని చెప్పలేక, కాఫీ అలాగే వదిలేసి వచ్చేశాను.