గరుడుడి డబ్బాకు నామం

తొలి ఉద్యోగం, తొలి స్మార్ట్‌ఫోను ఒకే నెలలో చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలియని విషయం లోకంలో ఒకటుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఉద్యోగం విరుదునగర్‌లో, బండ్ల విడిభాగాలు అమ్మే కొట్లో. పగలంతా ఫిల్టర్లు, బేరింగులు అందించడం, ఇంటికొచ్చే బస్సులో ఇంజన్ల వీడియోలు చూడడం, ఇంటికి చేరాక మా పెదనాయన నడిపే భజన గోష్ఠిలో తాళం వేయడం. (తాళం తప్పితే పెదనాయన కళ్ళు తెరవకుండానే నా తొడ మీద గిల్లేవాడు. వీడియోలు చూసి నేను చెప్పే మాటలు తప్పితే గిల్లేవాళ్ళెవరూ లేకపోయారు. చిక్కంతా అక్కడే వచ్చింది.)

గోష్ఠికి పాత డీజిల్ వ్యాన్ ఒకటి ఉండేది. పెరుమాళ్ళ పాటను ఊరూరా మోసుకెళ్ళేది కాబట్టి అందరూ దాన్ని గరుడుడు అనేవారు. దాని స్టీరింగు పెదనాయన తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. ఆ ఏడు పురట్టాసి నెల ఆఖరి శనివారం, సాయంకాలపు హారతి వేళకు విరుదునగర్ కోవెలలో పాడమని మా గోష్ఠికి మొదటిసారి పిలుపొచ్చింది. (పురట్టాసి మా వైపు పెరుమాళ్ళ నెల. ఆ శనివారాల్లో మా పెరట్లో కోడి కూడా ధైర్యంగా తిరుగుతుంది.) వేళ తప్పితే ఆ చోటు సాత్తూరు గోష్ఠికి పోతుంది. ఆ ప్రయాణానికి బండి నన్ను నడపనిమ్మని నెలంతా పెదనాయన వెంటపడ్డాను. చివరికి, "సరి, నువ్వే తోలు. దోవలో వండి నిలిచిందా, మళ్ళీ బీగంచెవి పక్కకి రాకూడదు" అన్నాడు. (మా ఇంటి తెలుగులో వండి అంటే బండి, బీగంచెవి అంటే తాళంచెవి.)

నేను అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. గరుడుడికి ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టాలని నా పట్టుదల. అది మా కొట్లో వేలాడే చిన్న అల్యూమినియం డబ్బా. ఇంజను లోపలి నుంచి నూనె కలిసిన ఆవిరి ఒకటి బయటికొస్తుంది. మామూలుగా దాన్ని ఒక గొట్టం మళ్ళీ ఇంజను గాలిదారిలోకే పంపిస్తుంది. ఈ డబ్బా పెడితే ఆ నూనె డబ్బాలో ఆగిపోతుంది, ఒట్టి గాలి మూత మీది జాలీలోంచి బయటికి పోతుంది. ఇదంతా పెదనాయనకు బొమ్మ గీసి మరీ చెప్పాను.

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేమిటికిరా? గరుడాళ్వారు మెడలో చెంబు కట్టుకోని ఎగరతాడా?"

"అది చెంబు కాదు పెదనాయనా. లోపల మసి పట్టకుండా ఉంటుంది."

"మసి నీ బుర్రకి పట్టుండాది. పోయి తాళం తుడుచుకో."

కోవిల్‌పట్టి మెకానిక్ అన్నాచ్చిని అడిగితే ఆయన బీడీ తీయకుండానే, పెట్టినా ఈ బండి ఇలాగే పొగ వదులుతుంది, పెట్టకున్నా ఇలాగే వదులుతుంది అని తమిళంలో తీర్పిచ్చాడు. ఇక లాభం లేదని ఇంజను శాస్త్రం పక్కనపెట్టి ఆచారం ఎత్తుకున్నాను. "పెదనాయనా, ఆ ఆవిరి ఇంజను నోట్లోంచి వచ్చిందే గదా. దాన్నే మళ్ళీ మింగుతుండాది. అంటే ఎంగిలి. మనం ఒకరి ఎంగిలి ముట్టం. పెరుమాళ్ళని మోసే వండికి దినమూ ఎంగిలి పెడుతుండాము" అన్నాను.

పెదనాయన చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. వ్యాన్‌కేసి చూశాడు, ఏదో అపచారం బయటపడ్డట్టు. "ఇది ముందే చెప్పుండకూడదా?" అన్నాడు. మర్నాడే డబ్బా బిగిసింది.

ఆ శనివారానికి ముందే ఆయుధపూజ వచ్చింది. నేను విరుదునగర్‌లో మా కొట్టు పూజలో ఉండిపోయాను. ఇంటి దగ్గర పెదనాయన జాకీకి, స్పానర్లకు, చక్రాలకు వరసగా నామాలు పెట్టి బానెట్ ఎత్తాడట. గరుడుడికి ఎంగిలి తప్పించిన డబ్బాకు కొత్త అల్లుడికి చేసినంత మర్యాద చేశాడట. శనివారం నేను బండి తీసేటప్పటికి బానెట్ మీద పూలమాల అడ్డంగా కట్టి ఉంది. దాన్ని కదపడం ఇష్టంలేక తెరిచి చూడలేదు.

సాత్తూరు దాటాం. వెనక గోష్ఠి గొంతు సవరించుకుంటోంది. మాడు వాసన మొదలైంది. "ఎవురి ఇంట్లోనో తిరగమోత" అంది పెద్దమ్మ. నాలుగు వరసల రోడ్డు మీద తిరగమోత ఎవరు వేస్తారని నేను ఆలోచించేలోపే బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. ఆపి తెరిచాను. ఆయిల్ కొలిచే పుల్ల తన గొట్టంలోంచి ఎగిరిపడి ఉంది. ఇంజను మొత్తం నూనె. అవతలి వైపు నుంచి వంగి చూసిన పెదనాయన తెల్ల పంచె మీద కూడా నల్లటి చుక్కలు పడ్డాయి.

"చెంబు కట్టినావు గదా" అన్నాడు మెల్లగా. "ఇంక పక్కకి జరుగు. బీగంచెవి ఇట్లా ఇయ్యి."

ఇచ్చేముందు డబ్బా కేసి చూశాను. మూత మీద, సరిగ్గా గాలి పోవలసిన జాలీ మీద, వేలెడు మందాన తిరుమణి నామం. ఆ తెల్లమన్ను ఆరి గోడకు పూసిన సున్నంలా గట్టిపడింది. ఆవిరికి పోయే దారి లేక పుల్లను తన్ని బయటికొచ్చింది. తప్పు డబ్బాది కాదని నిరూపించడానికి నాకు ఒక్క మాట చాలు. కానీ ఆ మాట ఏమిటి? పెరుమాళ్ళ నామం అడ్డం పడిందని గోష్ఠి ముందు ఎలా అనడం? పోనీ గీకేద్దామంటే నామం చెరిపిన చేత్తో తాళం పట్టగలనా? నోరు తెరిచి నిలబడ్డాను. నా చూపు ఎక్కడుందో పెదనాయన చూశాడు. ఆయనా నోరు తెరిచాడు.

పెద్దమ్మ మమ్మల్ని చెరో పక్కకు తోసి వచ్చింది. "ఏమి మీరిద్దరూ? మనం నొసట పెట్టుకుంటుండామా, ముక్కులో పెట్టుకుంటుండామా?" అని కొప్పులోంచి పిన్ను తీసి, గోవిందా అంటూ ఆ మన్నంతా గీకి, రాలిన పొడి ఒక్క పలుకు పోకుండా కొంగున కట్టుకుంది. నేను బీగంచెవి పెదనాయన చేతిలో పెట్టి, పుల్ల మళ్ళీ గొట్టంలో గుచ్చి, బండి వెనక ఉంచిన సీసాలోంచి ఆయిల్ పోశాను. ఆ కాస్సేపూ గోష్ఠి రోడ్డు పక్కనే పాట ఎత్తుకుంది. లారీలవాళ్ళు హారన్లు ఆపి పోయారు.

పెదనాయన బీగంచెవిని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత నావైపు చూడకుండా దాన్ని నా జేబులో వేసి, వెనక సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. "పోనీరా. నేరమయ్యింది" అన్నాడు, పొద్దుపోయిందని.

హారతి పళ్ళెం వెలిగించేసరికి సన్నిధిలో ఉన్నాం. నల్లచుక్కల పంచెతో పెదనాయన, నూనె చేతులతో నేను. ఆ రోజు తాళం ఎన్నిసార్లు తప్పానో తెలియదు. ఆయన మాత్రం గిల్లలేదు.

ఇప్పుడు తిరుమణి గిన్నె నా చేతికొచ్చింది. ఆయుధపూజ నాడు నామం పెట్టేముందు ప్రతిదానికీ ముక్కెక్కడుందో వెతుకుతాను. మిక్సీని కూడా వదలను. గరుడుడికి నిజంగా ఆ డబ్బా అవసరమా అని మా కొట్టుకొచ్చే కుర్రాళ్ళు అడిగితే, అన్నాచ్చి చెప్పిందే కొంచెం మర్యాదగా చెబుతాను. ఏటేటా పూజకు ముందు దాని అడుగు మర విప్పి నూనె వంచుతాను. పెదనాయన అరుగు మీంచే అడుగుతాడు.

"ఎంత పట్టిందిరా?"

"ఒక ఉద్ధరిణెడు, పెదనాయనా."

"చాల్లే. ఆ మాత్రం ఎంగిలి వాడికి తప్పింది" అంటాడు తృప్తిగా.

అది వాదన గెలవడానికి ఆ వయసులో నేను అప్పటికప్పుడు అల్లిన మాట. ఆ సంగతి ఆయనతో చెప్పాలని ఏటా అనుకుంటాను. మర బిగించి చేయి కడుక్కోబోయేసరికి, ఆ ఉద్ధరిణెడు నల్లనూనెను నేలమీద పారబోయకుండా, నిర్మాల్యంలా ఎవరూ తొక్కని చోటు చూసి ఒంపుతూ కనబడతాను నాకు నేనే.