ఫొటో దొంగ మనసు నేను చదివిన వైనం

ఒక మనిషిని చూడకుండా, పలకరించకుండా, వాడి వయసూ బుద్ధీ అలవాట్లూ గడగడా చెప్పేసి, పెళ్లి కుదిరిన అమాయకుణ్ణి రెండు రోజులు స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టిన ఘనుడెవరని అడిగితే, చెయ్యి ఎత్తాల్సింది నేనే. నవ్వండి, పరవాలేదు. సగం దాకా నేనూ నవ్వుతూనే చెబుతాను.

డెబ్బైల చివర్లో సంగతి. తిరుపతిలో మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. చదివి, నంద్యాలలో ఉద్యోగం లేకుండా తిరుగుతున్నాను. లైబ్రరీలో ఏదో విదేశీ పత్రికలో చదివిన వ్యాసం నా బుర్రలో కాపురం పెట్టింది. నేరం జరిగిన చోట దొరికే ఆనవాళ్లను బట్టి, ఆ నేరస్తుడు ఎలాంటివాడో మనస్తత్వ నిపుణులు ఊహించి చెబుతారట. 'ఇది ఊహే గాని రుజువు కాదు' అని కూడా అందులో రాసి ఉంది. ఆ వాక్యం దగ్గర నా కళ్లు, చిన్న ఊళ్లో ఎక్స్‌ప్రెస్ బస్సులాగా, ఆగకుండా వెళ్లిపోయాయి.

మా అక్క మొగుడు ఆళ్లగడ్డ వైపు ఒక ఊళ్లో ఎస్సై. (ఊరి పేరు చెబితే ఆయన ఇప్పటికీ కోప్పడతాడు.) ఒక ఆదివారం వాళ్లింటికి పోతే, "ఏందప్పా సైకాలజీ, ఒక కేసుండాది, వస్తావా?" అన్నాడు ఎగతాళిగా. అన్నానికి పిలిచినా నేనంత వేగంగా లేచేవాణ్ణి కాదు.

అది శెట్టిగారి ఫొటో స్టూడియో. వీధిలోకి కనబడే అద్దాల బీరువా పగిలింది. లోపలి కెమెరాల జోలికి ఎవరూ పోలేదు. పోయింది ఒకే ఒక్క పటం, బాలికల బడి టీచరమ్మలందరూ కలిసి దిగిన గ్రూపు ఫొటో. రాయికి తువ్వాలు చుట్టి కొట్టారు. గాజుపెంకులన్నీ ఊడ్చి ఒక మూల కుప్ప చేశారు.

నేను గడ్డం నిమురుకుంటూ మొదలుపెట్టాను. "రాసుకో బావా. వయసు ఇరవై అయిదు. పెళ్లికాలేదు. శుభ్రం పిచ్చి. గుడ్డలతో పనిచేసేవాడు. ఫొటోలో ఉన్న ఒకామెను ప్రేమించాడు, ఆమె కాదంది."

"ఇదంతా ఈ పెంకుల్లో యాడ కనపడ్తాండాదప్పా నీకు?"

"మనసు బావా, మనసు!"

శెట్టిగారు ఎగిరి గంతేశారు. "అచ్చం మన టైలర్ ప్రసాదే! నడిమి కూర్చున్న టీచరమ్మ జాకెట్లు కుట్టేది వాడే!"

ప్రసాదును పోలీసు స్టేషనుకు తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. "నేనేం చేసినాను సార్? వచ్చే నెల నా పెండ్లి సార్," అని ఏడ్చాడు. ఏడుస్తున్నాడు కాబట్టి తప్పు చేసిన బాధ ఉందని బావ చెవిలో ఊదాను. ఏడవకపోతే గుండె బండరాయని ఊదేవాణ్ణి. రెండో రోజు డోన్ నుంచి పిల్ల తరపువాళ్లు వచ్చి, బెంచీ మీద అతణ్ణి చూసి, మంచినీళ్లయినా తాగకుండా బస్సెక్కారు.

ఆ సాయంత్రం డెబ్బై ఏళ్ల ముసలాయన గోనెసంచిలో చుట్టిన పటం చంకన పెట్టుకుని వచ్చాడు. పేరు యోహాను, కూలి పని చేసుకునేవాడు.

"ఆ పిల్లోన్ని ఇడ్సిపెట్టండి సారూ. అద్దం పగలగొట్టింది నేను."

బావ నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

ఫొటోలో చివర నిలబడ్డ సన్నటి అమ్మాయి ఆయన కూతురు కరుణ. ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకే జ్వరంతో పోయింది. ఇంట్లో ఇంకో ఫొటో లేదు.

"శెట్టిని మూడు తూర్లు అడిగినా సారూ. ఫిలుము పోయింది, ఇది అంగడికి అందం, ఇయ్యనన్నాడు."

నా సిద్ధాంతంలో ఒక్క గుంజైనా నిలబడుతుందేమోనని, "పెంకులు ఎందుకు ఊడ్చావు?" అని అడిగాను.

"పిల్లోల్లు ఒట్టికాళ్లతో బడికి పోతారు గదా సారూ."

శెట్టిగారు తలవంచుకుని పటం ఆయనకే వదిలేసి, కేసు వద్దన్నారు. నేను డోన్ వెళ్లి, తప్పంతా నాదేనని పిల్ల తండ్రికి చెప్పుకున్నాను. "స్టేషన్లో కూచున్నోనికి పిల్లనెట్లిస్తామప్పా?" అన్నాడాయన. ఆ సంబంధం అతకలేదు. ప్రసాదు మిషను తీసుకుని ఊరే వదిలిపోయాడు. అతని ముఖం చూసి క్షమించమనే ధైర్యం నాకు లేకపోయింది.

నేను డోన్ నుంచి తిరిగొచ్చిన రోజే బస్టాండులో యోహాను ఎదురై, నన్ను ఇంటికి తీసుకుపోయి పటం ముందర నిలబెట్టాడు. "మనసు సదివినావంట గదా సారూ. ఈ పటంలో అందరూ నవ్వినారు, నా బిడ్డ నవ్వల్యా. ఏమనుకుంటాండాదో చెప్పు."

చాలాసేపు చూశాను. నాకేమీ తెలియలేదు.

"సంతోషంగానే ఉంది పెద్దాయనా. ఎండకు కళ్లు చిట్లించింది, అంతే."

ఆయన కళ్లు తుడుచుకుని తలూపాడు. ఆనవాళ్లేమిటని అడగకుండా నా మాట నమ్మింది ఆయనొక్కడే.

సూర్యచంద్రుల సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, చూడని మనిషి మనసు గురించి ఈ జన్మలో నోరు విప్పనని. చుట్టాలెవరైనా పెళ్లికొడుకు ఫొటో అద్దం బిగించి తెచ్చి, "సైకాలజీ సదివినావు గదా, పిల్లోడు ఎట్లాంటోడు?" అని అడిగితే, అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే చెబుతాను.

"ఫ్రేము గట్టిగా ఉంది."