హీరో చేతికి ఛార్జింగ్ ఎప్పుడు పెడతాడు?

ఆ సినిమా విడుదలైన వారం ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎవరి నోట విన్నా దాని మాటే. ఒకరు ఆహా అంటే పక్కవాళ్ళు ఛీ అన్నారు. రెండు వందల ఏళ్ళ తర్వాతి నగరమట. ఎప్పుడూ చీకటి, ఎప్పుడూ వాన, గోడల నిండా రంగురంగుల లైట్లు, గాలిలో ఎగిరే బండ్లు. పేదవాళ్ళ జ్ఞాపకాలను కొని డబ్బున్నవాళ్ళకు అమ్ముకునే ఒక కంపెనీ. దాని మీద తిరగబడే హీరోకు ఎడమ చెయ్యి ఇనుముది. ఆ చేత్తో గోడలు పగలగొడతాడు, బండ్లు ఎత్తి విసిరేస్తాడు. కథ ఇంతే. దీనికే ఇంత రభస.

నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. సినిమా కన్నా, చూసొచ్చినవాళ్ళు ఏమంటారన్నదే నాకు ముఖ్యం. ఒకే తెర, ఒకే బొమ్మ, మరి ఇద్దరు మనుషులు రెండు సినిమాలు ఎలా చూసొస్తారు? ఆ వారం దొరికినవాళ్ళనల్లా కదిలించాను. చైతన్యపురిలో షేర్ ఆటో ఎక్కిన ఒక కోచింగ్ అమ్మాయి "కిరాక్ ఉంది ఆంటీ, మూడుసార్లు చూసిన" అంది. "దీన్ని సైబర్‌పంక్ అంటరు. టెక్నాలజీ ఆకాశంల ఉంటది, బతుకులు మోరీల ఉంటయి."

"అంటే మీ హాస్టల్ లెక్కనా?" అన్నాను. పడీ పడీ నవ్వింది.

నేను లెక్కలు చెప్పే స్కూల్లోనే సోషల్ చెప్పే కోస్తా సారు మాత్రం మండిపడ్డారు. "ఏమిటండీ ఆ చీకటి! మూడు గంటల్లో ఒక్కసారన్నా ఎండ పొడ చూపించాడా? కళ్ళు పోయాయనుకోండి." బాటసింగారం మార్కెట్లో బత్తాయిలు అమ్మే మా ఊరి పెద్దమనిషి బాధ ఇంకోటి. "అందరు గోలీలే మింగుతున్నరు చెల్లే. ఒక్కడన్న ఒక్క పండు తిన్నడా? గప్పటికి మా మార్కెట్ ఏమైనట్టు?" ఆయన నిజంగానే దిగులు పడ్డాడు.

ఇన్ని విన్నా, నేను వినాలనుకున్న మనిషి మాత్రం మా ఇంట్లోనే పై వాటాలో కూర్చుని ఉన్నాడు. మా తమ్ముడు.

నాకన్నా ఆరేళ్ళు చిన్న. దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్ళి కార్డులు అచ్చువేసే ఒక ప్రెస్సులో ఏళ్ళ తరబడి కాగితం కోసే మిషన్ నడిపాడు. ఎనిమిది నెలల కింద ఆ బ్లేడు కింద ఎడమ చెయ్యి పోయింది. మోచేతికి కాస్త కింద ఆగిపోయింది. వాడిదేమో ఎడమచేతి వాటం. గాయం మానాక బ్యాటరీతో నడిచే చెయ్యి పెట్టించాం. మోచేతి కింద మిగిలిన ముక్కలో ఒక కండ బిగిస్తే వేళ్ళు మూసుకుంటాయి, ఇంకో కండ బిగిస్తే తెరుచుకుంటాయి. మూడు వారాలు శిక్షణకు వెళ్ళి గ్లాసు పట్టుకోవడం, తలుపు తీయడం అన్నీ నేర్చుకున్నాడు. ఇంటికొచ్చి దాన్ని డబ్బాలో పెట్టి బీరువాలో దాచేశాడు. తప్పనిసరై బయటికి పోవలసివస్తే ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసి, ఎడమవైపు ఖాళీ చేతిని ప్యాంటు జేబులోకి దోపుకునేవాడు.

ప్రెస్సు సేటు మంచివాడు. "మిషన్ మీద కాకపోతే కౌంటర్ల కూసో. కార్డులు చూపియ్యి, ఆర్డర్లు రాస్కో" అన్నాడు. మావాడు ఔననలేదు, కాదనలేదు. చివరికి సేటు కబురు పంపాడు. ఒకటో తారీఖు దాకా చూస్తాడు, అప్పటికీ రాకపోతే ఆ సీట్లో వేరేవాళ్ళను పెట్టుకుంటాడు.

కౌంటరంటే పొద్దంతా జనం ముందు చేతులు పెట్టుకుని కూర్చోవాలి. మావాడికి సిగ్గు. ఈ సంగతి నేను ఎప్పుడో తేల్చేసుకున్నాను. ఇంక నా నోరు ఊరుకుంటుందా? పొద్దున టిఫిన్‌తో పాటు అదే పాట, సాయంత్రం చాయ్‌తో పాటు అదే పాట. "పెట్టుకోరా. సిగ్గెందుకురా? నువ్వేమన్న దొంగతనం చేసినవా? లక్షణమైన చెయ్యి బీరువల పెట్టి కూసుంటవేంది?" వాడు అంతా వినేవాడు. చాయ్ కప్పు కడిగి పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకటో తారీఖు సోమవారం పడింది. ముందురోజు ఆదివారం మ్యాటినీకి రెండు టికెట్లు తీశాను. ఇనప చెయ్యి హీరోకు జనం ఈలలు వేస్తుంటే చూసైనా మావాడికి ధైర్యం వస్తుందని నా ఎత్తు. మహా తెలివైనదాన్ని కదా!

"సినిమాకు పోదాం పా తమ్మీ" అన్నాను.

వాడు నవ్వాడు. "పోస్టర్ నేను చూడలేదనుకున్నవా అక్కా? ఒస్త. గని చెయ్యి ముచ్చట ఎత్తద్దు."

"ఎత్తనురా" అని ఒట్టేశాను.

హాలు కిటకిటలాడిపోతోంది. వాడు ఎడమవైపు గోడ వచ్చేలా చివరి సీటు చూసుకుని కూర్చున్నాడు. హీరో వాన నీళ్ళలోంచి ఇనప చెయ్యి పైకెత్తాడో లేదో, కాగితం ముక్కలు ఎగిరాయి. ఈలలకు, కేకలకు నా చెవులు గింగుర్లెత్తాయి. నేను తెర చూడలేదు, మావాడి మొహమే చూశాను. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నేనెలా కూర్చుంటానో అలా కూర్చున్నాడు. కళ్ళు చిట్లించి, పెదవి బిగించి, తప్పు ఎక్కడ దొరుకుతుందా అని.

ఇంటర్వెల్‌లో కాఫీ దగ్గర ఒక కోస్తా జంట పోట్లాడుకుంటున్నారు. "ఇంటికి పోదామే బాబూ, తల పగిలిపోతోంది" అని ఆయన. "మీరు వెళ్ళండి, నేను రాను. ఆ పిల్ల తన జ్ఞాపకాలు అమ్ముకుంటుంటే నాకు ఏడుపొచ్చేసింది. దానికేమవుతుందో చూడాలి నేను" అని ఆవిడ. మామూలుగా అయితే నేను అక్కడే పాతుకుపోయేదాన్ని. కానీ నాకప్పుడు మావాడి గోల. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

"చూసినవారా? చెయ్యి ఇనుముదైతే ఏమైంది, హీరో హీరోనే."

"ఛార్జింగ్ ఎప్పుడు పెడ్తడక్కా?" అన్నాడు.

"ఎవరు?"

"హీరో. కథల నాలుగు దినాలైంది. ఒక్కసారన్న చెయ్యి తీసిండా? ప్లగ్గుకు పెట్టిండా? పొద్దంత వానల తడుస్తనే ఉన్నడు. నాదైతే జర చెమ్మ తగిల్తెనే ఆగమైతది."

కాఫీ తాగేశాను.

రెండో సగంలో ఒక సన్నివేశం ఉంది. జ్ఞాపకాలన్నీ అమ్మేసుకున్న ఆ పిల్ల హీరోను గుర్తుపట్టదు. అతను ఇనప వేళ్ళతో ఆమె చెంప నిమిరి, కళ్ళు మూసుకుని ఏడుస్తాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ముందు వరుసలో ఒకావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడు మావాడు ఫక్కుమని నవ్వాడు. నలుగురు వెనక్కి తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి పట్టుకుని గిచ్చాను.

"అబద్ధమక్కా" అన్నాడు. అప్పటికి నవ్వు ఆగిపోయింది. "పచ్చి అబద్ధం."

బయటికొచ్చేసరికి ఎండ ఇంకా చురుక్కుమంటోంది. గేటు దగ్గర మామూలే, సినిమా వదలగానే జనం మాటలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు మైకులతో కాచుకుని ఉన్నారు. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఒక అమ్మాయి కర్రకు ఫోను కట్టుకుని అటూ ఇటూ పరుగెడుతోంది. ఒకడు చొక్కా విప్పి గాలిలో ఊపుతూ "బొమ్మ బ్లాక్‌బస్టర్!" అని అరిచాడు. ఇంకొకాయన "నా మూడు గంటలు నాకు వాపస్ ఎవరిస్తరు?" అన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నేను ఆశగా చెవులు రిక్కించి నిలబడ్డాను. ఇంతలో ఆ అమ్మాయి గిరుక్కున తిరిగి మైకు మా తమ్ముడి ముందు పెట్టింది.

"అన్నా, సినిమా ఎట్లుంది?"

వాడి భుజం పట్టుకుని పక్కకు లాగబోయాను. ఎనిమిది నెలలుగా ఎదురింటివాళ్ళు కనబడ్డా మొహం తిప్పుకుంటున్న మనిషి. కానీ వాడు కదల్లేదు.

"చెయ్యి తప్పు తీసిన్రమ్మా" అన్నాడు.

చొక్కా ఊపుతున్నవాడు మీదికొచ్చాడు. "ఏందన్నా! చెయ్యే కదా సినిమాకు హైలైట్!"

మావాడు ఎడమ జేబులోంచి ఖాళీ చొక్కాచెయ్యి లాగాడు. కుడిచేత్తో పట్టుకుని, పళ్ళతో సాయం చేసుకుంటూ మోచేతి దాకా మడిచాడు. మధ్యలో ఆగిపోయిన ఆ చెయ్యి అంతమంది ముందు, ఎండలో. చొక్కా ఊపినవాడు రెండడుగులు వెనక్కేశాడు.

"ఇగో, ఈడ మొదలైతది మిషన్ చెయ్యి" అని వాడు చూపించాడు. "లోపల చెమట వడ్తది. దురద వెడ్తది. రాత్రి తీసి ప్లగ్గుకు పెట్టాలె. దాంతోని గోడ గుద్దితే గోడకేం గాదు, నా భుజం ఊడొస్తది." జనం నవ్వారు. వాడూ నవ్వాడు. "గా హీరోకు ఒక్క దురదన్న పెట్టుంటే ఇంకో మార్కు ఎక్కువ ఏస్తుంటి."

"అంటే మీకు కూడా అట్లాంటి చెయ్యి ఉందా అన్నా?" అంది ఆ అమ్మాయి.

"ఉన్నది. ఇంట్ల బీరువల."

"మరి పెట్టుకోలేదేంది? పెట్టుకుంటే ఎట్లుంటది?"

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. సిగ్గు. చెప్పరా, ఇప్పటికైనా నలుగురి ముందు ఒప్పుకో అని మనసులో అనుకున్నాను.

"సినిమల ఆ పిల్ల చెంప ముట్టి ఏడుస్తడు చూడు" అన్నాడు. "అది చెంప అని ఆయనకెట్ల తెలిసిందమ్మా? నా చెయ్యి పట్టుకుంటది. గట్టిగనే పట్టుకుంటది. ఏం పట్టుకున్నదో నాకు చెప్పదు. నేను కాగితం పనోన్ని. బొటనేలుతోని రుద్దితే చాలు, మందమెంత, తేమ పట్టిందా, ఏ దిక్కు మడిస్తే పగుల్తది, అన్ని నా వేళ్ళే చెప్తుండె. బ్యాటరీ చెయ్యి పెట్టుకున్న మొదటి దినం ఒక పెండ్లి కార్డు పట్టుకున్న. ఏం తెల్వలే. చెయ్యి పోయిన నాడు నేను ఏడ్వలేదమ్మా. గా దినం ఏడ్చిన."

ఆ అమ్మాయి మైకు దించడం మర్చిపోయింది. బ్లాక్‌బస్టర్ అన్నవాడు మెల్లగా చొక్కా తొడుక్కున్నాడు. "అన్నా, మరి కుడిచెయ్యికి నేర్పియ్యరాదే?" అన్నాడు.

మావాడు తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అది వట్టి మొద్దు చెయ్యి తమ్మీ. నేర్పియ్యాలె."

ఆ సాయంత్రమే పాత కార్డుల కట్ట ఒకటి తీసుకుని కిందికి దిగాడు. కళ్ళు మూసుకుని కుడిచేత్తో రుద్ది మందం చెబుతాడు. ప్రతి కార్డు వెనకా పెన్సిల్‌తో రాసి ఉంటుంది, అది చూసి సరో కాదో నేను చెప్పాలి. పదింట్లో రెండే సరిపోయాయి. "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ రెండే. "ఇంకోసారి" అన్నాడు. అన్నం చల్లారిపోతోందని నేను అరిచేదాకా వదల్లేదు.

ఆ వీడియో కింద జనం రాసినవి చదివితే నా రక్తం ఉడికిపోయింది. సగం మంది అన్న కరెక్ట్ చెప్పిండన్నారు. మిగతా సగం మందికి మావాడు ఆ సినిమా గిట్టనివాళ్ళు తెచ్చిపెట్టుకున్న ఆర్టిస్టు. ఒకడైతే చెయ్యి లేకపోవడం గ్రాఫిక్స్ అని తేల్చేశాడు. ఒక్కొక్కడికీ నేను జవాబు రాస్తూ కూర్చుంటే, మావాడు నా భుజం మీదుగా చదివి కడుపు పట్టుకుని నవ్వాడు. "హీరో దానికన్న నా గ్రాఫిక్సే మంచిగున్నయట అక్కా!"

ఇప్పుడు వాడు కౌంటర్లోనే ఉన్నాడు. బ్యాటరీ చెయ్యి శాంపిల్ ఆల్బమ్ కదలకుండా అదిమి పట్టుకుంటుంది, కుడిచేతి వేళ్ళు కార్డును రుద్ది చూస్తాయి. వచ్చినవాళ్ళలో కొందరు చూపు తిప్పుకుంటారట, కొందరు సూటిగా అడిగేస్తారట. పదింట్లో ఆరు సరిగ్గా చెబుతున్నానంటాడు. నాకు నమ్మకం లేదు, నాలుగే అయ్యుంటాయి.

కానీ నన్ను వదలనిది ఆ సోమవారం పొద్దున. చెయ్యి తగిలించుకుని, ప్రెస్సుకు తయారై, కఫ్ గుండీ పెట్టించుకోవడానికి కిందికొచ్చాడు. ఆ గట్టి మణికట్టు మీద గుండీ పట్టడం లేదు. నేను తంటాలు పడుతూ, ఉండబట్టలేక అనేశాను.

"ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదురా? రోజూ మొత్తుకుంటుంటే బెల్లం కొట్టిన రాయి లెక్క ఊరుకున్నవు. ఎవరో మైకు పట్టుకున్న పిల్లకు చెప్తివి."

"ఆమె అడిగిందక్కా" అన్నాడు. కోపంగా కాదు. "నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

ఎనిమిది నెలల్లో వాడితో అన్నవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేసుకున్నాను. పెట్టుకో. తియ్యకు. సిగ్గుపడకు. లేచి బయటికి పో. ముక్కూ మొహం తెలియనివాళ్ళను ఆపి ఆపి సినిమా సంగతి అడిగినదాన్ని, ఇంట్లో ఉన్నవాణ్ణి ఒక్కటంటే ఒక్క మాట అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడవలసింది ఎవరో అప్పుడు తెలిసింది.

గుండీ వదిలేసి, ఆ గట్టి వేళ్ళు నా చేతుల్లోకి తీసుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"ఎట్లుందిరా?" అన్నాను.

"బరువున్నదక్కా" అన్నాడు. "పొద్దుగూకేసరికి భుజమంత గుంజుతది." టైము చూసుకుని మెట్టు మీద కూర్చున్నాడు, ఇంకా చెప్పాడు. నేను నోరు మూసుకుని విన్నాను.