మిరపదగ్గు

పంతొమ్మిదివందల యాభైఏడులో, మద్రాసు చూలైలోని ఆ ఇంట్లో లోటాలన్నీ వంటింట్లో ఉండేవి, పచ్చయమ్మది ఒక్కటే పిట్టగోడ మీద. ఆమె మెడ మీద నిమ్మకాయలంత గడ్డలు మూడు లేచాయి. ఆసుపత్రిలో క్షయ అన్నారు. ఆ సాయంత్రమే అత్త పొన్నమ్మ లోటాను బయటపెట్టి, రెండేళ్ల సీతను తన పక్కలోకి మార్చుకుంది. అత్తది చెడ్డ మనసేమీ కాదు, భయం. కన్నబిడ్డను ఎత్తుకోనివ్వని భయానికీ చెడ్డ మనసుకీ తేడా ఏముందో నాకు తెలీదు.

అత్తాకోడళ్లిద్దరూ జార్జి టౌన్ మండీలో మిరపకాయల తొడిమలు తీసినవాళ్లే. పచ్చయమ్మ పదహారేళ్లకు కాపురానికొస్తే పని నేర్పింది అత్తే. కళ్లు మండితే కొంగు తడిపి అద్దిందీ అత్తే. అందుకే ఎదురు చెప్పలేదు. గడప అవతల కూర్చుని, "సీతా, ఏం తింటివే?" అని అడిగేది. అంతే.

పొన్నమ్మ దగ్గితే మాత్రం ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు. మండీలో ముప్ఫయ్యేళ్లు చేసిన మనిషి దగ్గక ఏం చేస్తుంది? మిరపదగ్గని పేరు పెట్టి, బెల్లంముక్క చప్పరించి ఊరుకునేవాళ్లు.

క్లినిక్ నుంచి మాత్రలు తెచ్చే మోసెస్ ఒకరోజు గోడ మీద లోటా చూశాడు.

"ఏందక్కా, కాకులకు కాపీ పోస్తా ఉండావా?"

"నాదేప్పా. అంటుకుంటాది కదా."

"ఎవురు చెప్పినారు? క్షయంటే ఒకటేనా? ఎముకల్లో వచ్చేది వేరే, గడ్డల్లో వచ్చేది వేరే, ఊపిరితిత్తుల్లో వచ్చేది వేరే. నీ కఫం చూసినారు, రొమ్ము ఫోటో తీసినారు, ఏమీ లేదు. నీది గడ్డల్లోనే ఉండాది. దగ్గితే గాల్లోకి వచ్చి అంటుకునేది ఊపిరితిత్తులది."

లోపల పొన్నమ్మ దగ్గింది. మోసెస్ అటు తిరిగాడు.

"ఆయమ్మకు ఎన్నాళ్లుగా?"

"అది మిరపదగ్గులే," అన్నాడు పచ్చయమ్మ మొగుడు వీరరాఘవులు.

"సరి, ఆ మిరపకాయనూ చూస్తాం," అని మోసెస్ కఫానికి డబ్బా ఇచ్చిపోయాడు.

వారానికి కాగితం వచ్చింది. పొన్నమ్మ కఫంలో క్రిములున్నాయి. సీతనూ పరీక్షకు తెమ్మన్నారు. వినగానే ముసలామె బిడ్డను ఒళ్లోంచి దించేసింది. సీత ఏడ్చింది. అయిదు నెలల తర్వాత పచ్చయమ్మ కూతుర్ని ఎత్తుకుంది, గడ్డలు నొప్పెట్టేంత గట్టిగా.

పొన్నమ్మ తన లోటా పట్టుకుని గోడ వైపు నడిచింది.

"ఆడ పెట్టబాకత్తా. లోటా ఏం చేసింది? మాత్రలు మింగు, మూతికి గుడ్డ కట్టుకో, పక్క వేరే వేసుకో."

"బిడ్డను నా పక్కలో వేసుకుంది నేనే కదే."

"మిరపదగ్గన్నది నేనూ కదా."

మర్నాడు క్లినిక్‌కు బయల్దేరారు. సీత తల్లి భుజాన ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని పొన్నమ్మ పదడుగులు వెనక నడిచింది. వీధి మలుపులో పచ్చయమ్మ ఆమె కోసం ఆగింది.