మూడో బల్ల మీద కోసిన అట్టలు

మూడేళ్ల కిందట, జూన్ మొదటి సోమవారం నాడు, మేడ్చల్ హైవే పక్కనున్న ఒక పుస్తకాల గోదాములో ప్యాకింగ్ ఇన్‌చార్జిగా చేరాను. అంతకు ముందు ఇరవై తొమ్మిదేళ్లు మందుల కంపెనీల్లో చేశాను. ఇంజెక్షన్ సీసాలు పగలకుండా, తడవకుండా, ఒకదాని బదులు ఒకటి వెళ్లకుండా చూడడం నా పని. రిటైరయ్యాక ఈ గోదాము వాళ్లు పిలిచారు. మొదటి మూడు నెలలు ప్రొబేషన్, పని నచ్చితే ఆపైన రెండేళ్ల ఒప్పందం. వాళ్లు ఆన్‌లైన్‌లో అమ్మేవి చవక కామిక్ పుస్తకాలు. ముప్పై రెండు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు, ధర చూస్తే ఓ ప్లేటు మిర్చి బజ్జీలంత. కండ్లకోయ దగ్గర మా కాలనీలో పొద్దున నడకకు వచ్చే మిత్రులు, ప్రాణాలు కాపాడే మందుల నుంచి బొమ్మల పుస్తకాలకు దిగిపోయారా అని ఆటపట్టించారు. దిగలేదని అప్పుడే చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతాను.

నిజానికి సీసా కంటే కామిక్‌ను క్షేమంగా పంపడమే కష్టం. సీసా పగిలితే పగిలిందని అందరూ ఒప్పుకుంటారు. పుస్తకం మూల మడతపడితే మాత్రం, చదవడానికి పనికొస్తుంది కదా, ఏం పోయిందని ఎదురు ప్రశ్న వేస్తారు. ఏం పోయిందో తెప్పించుకున్నవాళ్లని అడగాలి. ఖరీదైన పుస్తకం కొనే మనిషి ఇంకోటి కొనుక్కోగలడు. చవక పుస్తకం కొన్న ఇంట్లో చాలాసార్లు ఆ నెలకు అదొక్కటే. దాన్ని నలిపి పంపే హక్కు ఎవరిచ్చారు మనకి? ఈ మాట గోదాములో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. విన్నవాళ్లు తక్కువ.

విననివాళ్లలో మొదటివాడు మా ఆపరేషన్స్ మేనేజర్. సరుకు లోపలికి రావడం, బయటికి పోవడం అంతా అతని చేతి కిందే. అల్వాల్ అబ్బాయి, ముప్పై అయిదు దాటలేదు, చురుకైనవాడు. నేను చేరిన రోజే తన లెక్క చెప్పాడు. "సార్, గీ పుస్తకాలకు కొరియర్ కవర్ ఒక్కటి చాలు. గింతదానికి అట్టలు గిట్టలు ఎందుకు? జల్దీ పోవాలె, గంతే."

నేను ఒప్పుకోలేదు. కామిక్‌కు మూడు పొరలు కావాలన్నాను. వానకు అడ్డంగా పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, వంగకుండా ముందొక అట్ట వెనకొక అట్ట, వాటి పైన కొరియర్ కవరు. అట్టలు కొనక్కరలేదు. ప్రెస్ నుంచి పుస్తకాలు వచ్చే డబ్బాలను రోజూ చిత్తు సామాను వాడికి వేస్తున్నారు, అవే కోసుకుంటే సరిపోతుంది. రెండు రోజులు వాదించాక మీ ఇష్టం అన్నాడు, నా ఇష్టమేమిటో చూద్దామన్న ముఖంతో.

ఆ వారంలోనే ఎస్‌ఓపీ రాశాను. ఏ పని ఏ వరుసలో ఏ కొలతతో చేయాలో రాసి, సంతకం చేసి గోడకు అంటించే కాగితాన్ని ఎస్‌ఓపీ అంటారు. మందుల కంపెనీల్లో దాన్ని దాటి చీపురు కూడా కదలదు. నేను రాసిన వాటిలో ముఖ్యమైనవి రెండు. అట్ట సరిగ్గా పుస్తకమంత కొలతే ఉండాలి. చుట్టూ టేపు బిగించాలి, లోపల ఏదీ ఇసుమంత కూడా కదలకూడదు. ప్యాకింగ్ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. కదిలిన సీసా పగులుతుంది.

గోదాములో నాలుగు ప్యాకింగ్ బల్లలు. ఒక్కో బల్లకు ఒక్కో మనిషి, ప్రతి ప్యాకెట్‌లోనూ బల్ల నంబరు వేసిన చీటీ. మూడో బల్ల యాదమ్మది. నలభై అయిదేళ్లుంటాయి, గౌడవెల్లి నుంచి వచ్చేది. పుట్టిల్లు సిద్దిపేట వైపు, చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. బీడీ ఆకును రేకు ముక్క పెట్టి అంచు వెంబడి కత్తిరిస్తారు, కొలత తప్పిన బీడీని కంపెనీ వాళ్లు ఏరి పారేస్తారు. ఆ అలవాటుతోనే ఇక్కడా పుస్తకం కొలతకు ఒక రేకు కోయించుకుని తెచ్చుకుంది. దాన్ని అట్ట మీద పెట్టి కట్టరుతో గీస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. పొగాకు దుమ్ముకు దగ్గు పట్టుకుని బీడీలు మానేసింది. ఈ పని పోతే మళ్లీ పుట్టింటి వైపు వెళ్లి పొగాకు చాట ముందు కూర్చోవడమే దిక్కు.

జూలైలో వానలు ముదిరాక పుస్తకాలు వెనక్కి రావడం మొదలైంది. కొన్నవాళ్లు ఫోన్‌లో ఫొటోలు తీసి పంపేవాళ్లు. తడిసినవి లేవు, అన్నీ మూలలు నలిగినవే. చీటీలు చూస్తే ఎక్కువ భాగం మూడో బల్లవి. మేనేజర్ నన్ను పిలిచి ఫొటోలు ఒక్కొక్కటీ జరిపి చూపించాడు. యాదమ్మను తీసేయాలి, పని సరిగా లేదని నేను నోట్ రాసివ్వాలి అన్నాడు. ఇన్‌చార్జి సంతకం లేనిదే ప్యాకింగ్ మనిషిని తీసే వీల్లేదని కంపెనీ నియమం.

నేను పెట్టనన్నాను. ముందు పరీక్ష, తర్వాతే సంతకం అన్నాను. అంత చక్కగా అట్ట కోసే మనిషి పుస్తకం నలుపుతుందంటే నా బుర్రకు ఎక్కలేదు. ఒక వారం గడువు తీసుకుని, నాలుగు బల్లల నుంచీ ఐదేసి ప్యాకెట్లు శామీర్‌పేటలో మా తమ్ముడి ఇంటి అడ్రసుకు పంపించాను. ఎందుకు పంపుతున్నానో ప్యాక్ చేసినవాళ్లకు చెప్పలేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట బండి మీద వెళ్తే ఎంతో దూరం కాదు. కొరియర్‌లో మాత్రం మూట నగరంలోకి వెళ్లి, అక్కడ ఒక కుప్పలోంచి ఇంకో కుప్పలోకి విసిరించుకుని, మూడో రోజుకు వెనక్కి వస్తుంది. సరైన పరీక్ష అదే.

ఆదివారం నాడు తమ్ముడి ఇంటి హాల్లో చాప పరిచి ఇరవై ప్యాకెట్లూ విప్పాను. ఒకటి, రెండు, నాలుగు నంబర్లవి ఇంచుమించు అన్నీ బాగున్నాయి. మూడో బల్లవి ఐదూ నలిగే వచ్చాయి. వారమంతా మేనేజర్ ముందు రొమ్ము విరుచుకుని తిరిగింది ఈ ఐదు పుస్తకాల కోసమా అనిపించింది. "ఇంకేముంది అన్నయ్యా, సంతకం పెట్టేసెయ్" అన్నాడు తమ్ముడు.

సంతకానికి ముందు ఒక పని మిగిలింది. మందుల కంపెనీలో సరుకు చెడితే సరుకుతో పాటు పెట్టెనూ కొలుస్తాం. తమ్ముడి కూతురి దగ్గర స్కేలు తీసుకుని అట్టలు కొలవడం మొదలుపెట్టాను. బాగున్న పుస్తకాల అట్టలు వంకరటింకరగా ఉన్నాయి, ఏ రెండూ ఒకలా లేవు. కానీ అన్నీ పుస్తకం కంటే పెద్దవే, చుట్టూ చిటికెన వేలంత మిగిలి ఉన్నాయి. ప్యాకెట్ మూల మీద పడినప్పుడు ఆ మిగులు నలిగింది, లోపలి పుస్తకం దక్కింది. యాదమ్మ అట్టలు సరిగ్గా పుస్తకమంతే. అట్ట మూల, పుస్తకం మూల ఒకే చోట ఉన్నాయి కనుక దెబ్బ రెండింటికీ కలిసే తగిలింది. గట్టిగా బిగించిన టేపు పుస్తకాన్ని పక్కకు జరగనివ్వలేదు.

అంటే నలుగురిలో నా కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటించింది ఆమె ఒక్కతే. మిగిలిన ముగ్గురి నిర్లక్ష్యం పుస్తకాలను కాపాడింది. సీసాకు పనికొచ్చిన సూత్రాన్ని, ఒక్కసారి కూడా పడేసి చూడకుండా, పుస్తకానికి తగిలించింది నేను. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవమని చెప్పుకుంటూ చేసిన పని అది. సిగ్గేసింది.

మర్నాడు షిఫ్టు మొదలు కాకముందే మూడో బల్ల దగ్గరకు వెళ్లాను. ఒక అట్ట కోసి చూపించమన్నాను. రేకు పెట్టి కోసింది. మిగతా బల్లల వాళ్లు పెద్దగా కోస్తున్న సంగతి తెలుసా అని అడిగాను.

"ఎర్కే సార్. కొలిచే ఓపిక లేక అందాజగ కోస్తరు."

"మరి నాకు చెప్పలేదేం యాదమ్మా?"

"ఆళ్ల మీద చాడీలు చెప్పుడు నాకెందుకు సార్? మీరు గోడకు అతికిచ్చిన కాగితంల ఎట్లుందో గట్లనే కోసిన. ఇంత ఎక్కువ లేదు, ఇంత తక్కువ లేదు. గయినా నెల దినాల సంది అందరు నన్నే దొంగను జూసినట్టు జూస్తున్నరు."

తప్పు నీ చేతిలో లేదు, నేను రాసిన కొలతలో ఉందని చెప్పాను. ఊరట పడుతుందనుకున్నాను. ఆమె కట్టరు బల్ల మీద పెట్టి గోడ వైపు చూసింది.

"గట్లయితే గా కాగితం ఇంక గోడకెందుకున్నది సార్? ఎన్ని పుస్తకాలు కరాబ్ గావాలె?"

నాలుగు బల్లల వాళ్లూ చూస్తుండగా నా సంతకమున్న కాగితాన్ని నేనే పీకాను.

అక్కడి నుంచి మేనేజర్ గదికి వెళ్లి స్కేలు, అట్టలు ముందు పెట్టి జరిగింది చెప్పాను. అతను తెలివైనవాడు, చప్పున గ్రహించాడు. యాదమ్మను ఉంచడానికి ఒప్పుకుంటాడనే అనుకున్నాను. కానీ వెనక్కి వచ్చిన పుస్తకాల సంగతి అప్పటికే యజమానుల దాకా పోయింది. "పైనోళ్లకు ఒక పేరు గావాలె సార్. ఆమెను తీసేస్తే కతం. కొలత మనం సప్పుడు జేయకుండ మారుద్దాం. మీ రెండేండ్ల ఒప్పందం కాగితం గూడ ఆళ్ల టేబుల్ మీదనే ఉన్నది, జర సోచాయించుండ్రి" అన్నాడు. బెదిరింపు కాదు, నా మేలు కోరే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

పేరు కావాలంటే ఇస్తానని చెప్పి, అతని బల్ల మీదే నోట్ రాశాను. మూడో బల్ల మనిషి ఎస్‌ఓపీని అక్షరాలా పాటించింది, ఎస్‌ఓపీ తప్పు, రాసింది నేను, పరీక్షించకుండా అమలు చేసింది నేను. కింద నా పూర్తి పేరు, హోదా, సంతకం. ఒక ప్రతి యజమానులకు, ఒకటి ఆమె ఫైలుకు, ఒకటి నా ఫైలుకు. దాంతోపాటు ఇంకో వాక్యం చేర్చాను. పుస్తకం చవకని అట్ట తీసేయాలనుకుంటే నా తప్పును అందుకు సాకుగా వాడుకోవద్దు. మేనేజర్ చదివి, "మీతోని కాదు సార్" అని తల పట్టుకున్నాడు.

కొత్త ఎస్‌ఓపీ ఆ మధ్యాహ్నమే తయారైంది. అట్ట పుస్తకం కంటే నాలుగు వైపులా చిటికెన వేలంత పెద్దది. ఒక అట్ట లోపలి ముడతల గీతలు నిలువుగా ఉంటే రెండోదాని గీతలు అడ్డంగా, అప్పుడు ఎటు వైపూ వంగదు. టేపు అట్టకే తప్ప లోపలి సంచి మూతికి తగలకూడదు, లేదంటే విప్పేటప్పుడు అట్టకు బదులు ముఖచిత్రం ఊడి వస్తుంది. ఈ చివరి నియమం యాదమ్మ చెప్పినది. ఈసారి పది ప్యాకెట్లు మెట్ల మీద నుంచి పడేసి చూశాకే గోడకు అంటించాను. పడేసింది కూడా ఆమే, కొంచెం కసిగానే పడేసింది.

యాదమ్మ పని నిలిచింది. ఆగస్టు ఆఖరున నా ప్రొబేషన్ ముగిసింది, రెండేళ్ల ఒప్పందం రాలేదు. కారణం అడగలేదు. నా ఫైలులో నా చేతివ్రాతతోనే ఉంది. ఆ తర్వాత దీపావళి దాకా శామీర్‌పేట అడ్రసుకు పుస్తకాలు తెప్పిస్తూనే ఉన్నాను. మూడో నంబరు చీటీతో వచ్చిన ఏ పుస్తకానికీ మూల నలగలేదు. మా కాలనీ మిత్రులు, బొమ్మల పుస్తకాల కోసం ఉన్న పని పోగొట్టుకున్నారా అని మళ్లీ నవ్వారు. అవునన్నాను. మళ్లీ అవకాశం వస్తే మళ్లీ పోగొట్టుకుంటానన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు నన్ను అడిగితే ఒకే సంగతి చెబుతాను. పై నుంచి ఇచ్చిన కొలత తప్పయితే ఆ తప్పు మొదట బయటపడేది దాన్ని అందరికంటే శ్రద్ధగా పాటించిన చేతిలోనే. ఎక్కువ సరుకు చెడిన బల్ల కనబడగానే ఆ మనిషిని తీసేయాలనిపిస్తుంది. అలా తీసేస్తే తప్పు గోడ మీదే ఉంటుంది, దాన్ని చూపించగల మనిషి మాత్రం గేటు బయట ఉంటుంది.